ప్రభువు కుండ

సువార్తమ్మ కుండను కిటికీ వెలుతురుకు వంచి చూసింది. లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. చివరికి చాప మీద బోర్లించి అడుగున రెండు దెబ్బలు వేసింది.

ఒక్క గింజ రాలలేదు.

"ఏమే దయా," అంది. గొంతు పెంచలేదు. అత్త గొంతు పెంచకపోవడంతోనే దయామణి చేతిలో గరిటె ఆగిపోయింది. "రేపు ఆదివారం. ఈ కుండ ఏంది ఇట్టా ఉంది?"

దయామణి స్టవ్ దగ్గర్నుంచి ఇటు తిరగలేదు.

"అయిపోయినయ్ అత్తా."

"అయిపోవడానికి ఇదేమన్నా పోపులడబ్బానా? ప్రభువు కుండ ఇది. ఇందులో పడ్డయ్యి పెరగాలి గానీ అయిపోవడం ఉండిద్దా?"

అన్నం వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తియ్యాలి. కళ్ళు మూసుకుని ఎవరో ఒకరి పేరు తలుచుకోవాలి. ఆ పిడికెడు ఈ కుండలో వెయ్యాలి. పేటలో ఆడవాళ్ళందరికీ ఈ పని నేర్పింది సువార్తమ్మే. నెలాఖరు ఆదివారం ఇంటింటి కుండా చర్చికి పోతుంది. కాటా మీద పెడతారు. ఎవరి కుండ ఎంత తూగిందో మైకులో చదువుతారు. చదివేది సువార్తమ్మ కొడుకు ఆశీర్వాదం. సంఘపెద్ద. మొదట చదివే పేరు సువార్తమ్మదే. అన్నిటికన్నా ఎక్కువ తూగే కుండా వాళ్ళదే. మొన్నటిదాకా.

"వేస్తన్నావా లేదా, అది చెప్పు ముందు."

"వేస్తన్నా. రెండు పూటలా వేస్తన్నా."

"నిజమే, వేస్తంటే నేనూ చూశా. మరి ఏమైనయ్? ఎలకలు తిన్నయ్యా?"

అవునంటే ఈ పూటకి సరిపోతుంది. ఎలక అన్న మాట దయామణి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కాదత్తా. నేనే తీశా."

హాస్టల్ నుంచి శని, ఆదివారాలకి వచ్చిన సింధు ఫోన్‌లోంచి తలెత్తింది. నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. ఇంట్లో గొడవ మొదలయ్యే వాసన ఆ పిల్లకి దూరంనుంచే తగులుతుంది.

"పోనీలే నాయనమ్మా. దేవుడు బియ్యం వండుకుంటాడా ఏంది?"

"నువ్వు నోరు ముయ్యి. హాస్టల్లో నేర్పిన చదువు ఇదేనా?" సువార్తమ్మ కోడలివైపే చూస్తోంది. "తీశావా? తీసి ఏం చేశావ్?"

దయామణి పప్పు కలిపింది. కలపాల్సిన అవసరం లేదు.

బయట ఆటో ఆగింది. ముందు అద్దం మీద 'దేవుని బహుమానం' అని రాయించుకున్న ఆటో. ఆశీర్వాదం కారంపూడి నుంచి చివరి ట్రిప్పు దించి వచ్చాడు. చెప్పులు విప్పుతూనే తల్లి ముఖం, చాప మీద కుండ, భార్య వీపు, మూడూ చూశాడు.

"ఏమైంది?"

"నీ పెళ్ళాన్ని అడుగు. దేవుడి కుండలో చెయ్యి పెట్టింది."

విషయం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. అతను మంచం మీద కూర్చున్నాడు. చొక్కా పైగుండీ విప్పుకున్నాడు.

"మాచవరం పంపావా?"

మాచవరంలో దయామణి తమ్ముడు ఉన్నాడు. ఈ ఇంట్లో ఏది కనపడకపోయినా ముందు వినపడే ఊరి పేరు అదే.

"మా తమ్ముడికి తిండికి కొదవ లేదు."

"మరి ఎవరికి పెట్టావ్?"

"ఆకలైనోళ్ళకి."

"ఆకలైనోళ్ళకి పేరుండదా?"

"ఉంది. చెప్పను."

ఆశీర్వాదం నవ్వాడు. కోపం వచ్చే ముందు అతను అలాగే నవ్వుతాడు.

"పెడితే మంచిదే. ఎవరొద్దన్నారు? చెప్పి పెట్టు. సంఘంలో అనౌన్స్ చేస్తాం. ఫలానా ఇంటికి ఫలానా కుటుంబం సాయం చేసిందని పదిమందికి తెలిస్తే ఇంకో పదిమంది చేస్తారు. పేరు చెప్తే పోయిద్దా నువ్వు చేసిన మంచి?"

"పోయిద్ది," అంది దయామణి.

కుక్కర్ ఈల వేసింది.

*

ఈస్టరు ముందు శ్రమల దినాలు నడుస్తున్నాయి. రోజూ దీపాలవేళ కుటుంబ ప్రార్థన. చాప పరిచారు. నలుగురూ కూర్చున్నారు. సింధు వాక్యం చదివింది. తర్వాత కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు మూసుకున్నాక ఆ ఇంట్లో గొడవలు ఆగవు. మనుషులతో మాట్లాడటం మానేసి దేవుడితో మాట్లాడతారు, అంతే తేడా. ప్రార్థనలో ఉన్న మనిషికి అడ్డం తగలకూడదు కాబట్టి అందరికంటే ముందు సువార్తమ్మే మొదలుపెట్టింది.

"ప్రభువా, నువ్వు చూడనిది లేదు. ఈ ఇంట్లో నీ పిడికెడు మీద చెయ్యేసిన మనిషెవరో నీకు తెలుసు. నేను పేరు చెప్పను తండ్రీ. ఆ మనిషి నా కుడిపక్కనే కూర్చుంది."

సింధు ముక్కులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది.

"నవ్వే నోళ్ళని కూడా క్షమించు తండ్రీ. ఆ మనిషి నోటికి నువ్వే తాళం తియ్యి. నా కళ్ళ ముందే తియ్యి. రేపు నీ మందిరంలో నేను తల దించుకునే పని పెట్టబాక. మిరపకోతలకి పోయి, ఎండలో మాడి, ఆకలితో ఉండి కూడా నీ పిడికెడు నేను ఏనాడూ తప్పలేదు. నీకు తెలుసు."

ఆశీర్వాదం వంతు వచ్చింది. ఇంట్లో ప్రార్థన చేసినా అతని గొంతు చర్చి గొంతే. ఎడమచెయ్యి మైకు పట్టుకున్నట్టు గడ్డం కిందికి పోతుంది. కుటుంబ సాక్ష్యం గురించి, సంఘానికి మాదిరిగా ఉండాల్సిన ఇళ్ళ గురించి చాలాసేపు ప్రార్థించాడు. మధ్యలో ఫోన్ మోగితే కళ్ళు తెరవకుండానే నొక్కేశాడు.

"దయా, నువ్వు చెయ్యి," అన్నాడు.

దయామణి చెయ్యలేదు. చేస్తోందేమో, పైకి వినపడలేదు. ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో షహనాజ్ గిన్నెలు తోముతోంది. సువార్తమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. కోడలి పెదాలు కూడా కదలడం లేదు.

"ఆమెన్," అంది దయామణి కాసేపటికి.

"ఇన్నేళ్ళొచ్చినా నాలుగు ముక్కలు ప్రార్థన రాదు," అంది సువార్తమ్మ చాప చుడుతూ. "అందుకే ఇట్టాంటి బుద్ధులు."

అన్నాల దగ్గర ఆశీర్వాదం మెల్లగా చెప్పాడు. "సరే, అయిందేదో అయింది. బస్తాలో బియ్యం ఉన్నాయి గదా. పొద్దున్నే కుండ నింపు. ఎవరికి తెలిసిద్ది?"

దయామణి అత్తవైపు చూసింది. ఇప్పుడు అంటుంది అనుకుంది. పిడికెడు పిడికెడుగా కూడితేనే కానుకనీ, కుమ్మరిస్తే అది బియ్యమేననీ పేటంతా తిరిగి చెప్పిన మనిషి. ఇప్పుడు కచ్చితంగా అంటుంది.

సువార్తమ్మ మజ్జిగ కలుపుకుంది. చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

*

దయామణి ఆశా వర్కరు. ఊళ్ళో ఇళ్ళన్నీ ఆమెకు తెలుసు. ఆ మందుల సంచి భుజాన వేసుకుంటే ఏ గుమ్మం దగ్గర ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు.

పెద్దవీధిలో సాంబశివరావుగారి ఇంటికి బీపీ చూడటానికి పోయేది. ఒకప్పుడు ఆయన కల్లంలో ఎండబోసిన మిరపకాయలతో ఊరి ఆ చివరంతా ఎర్రగా ఉండేదట. నల్లతామర పురుగు తగిలి పంట పోయింది. ఆ పైయేడు కౌలుకి తీసుకుని మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. పొలం పోయింది. తర్వాత పక్షవాతం. ఇల్లు మిగిలింది. పొలం అమ్మినా కాగితాల్లో పేరు మారలేదని రేషన్ కార్డు రాలేదు. ఆయన భార్య హైమావతి అడగడానికి ఏ ఆఫీసుకీ పోలేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు అడగడం నేర్చుకోలేదు.

ఒక శుక్రవారం బీపీ చూసి, మాత్ర అన్నం తిన్నాక వెయ్యమ్మా అని చెప్పింది దయామణి. హైమావతి సరేనంది. వంటింట్లో పొయ్యి మీద గిన్నె లేదు. గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. పొద్దుటివి కావు, దుమ్ము పట్టి ఉన్నాయి.

ఆ రోజు దయామణి ఇంటికొచ్చి చూస్తే చేతికి అందిన బియ్యం, మొగుడినో అత్తనో అడగక్కర్లేని బియ్యం, ఆ కుండలోవే. తను పిడికెడు వేసేటప్పుడు పొద్దున తలుచుకున్న పేరు కూడా ఆ ఇంటిదే. ఎవరి కోసం వేసిందో వాళ్ళకే ఇవ్వడం తప్పెలా అవుతుందని అప్పుడు అనుకుంది. ఇప్పుడు అంత గట్టిగా అనుకోలేకపోతోంది.

ప్రభువు కుండలోవని చెప్పి ఇస్తే, హైమావతి ఆ బియ్యం సంచి వెంటనే అందుకోలేదు. గోడవైపు చూస్తూ మాట్లాడింది.

"మీ అత్త మా ఇంట్లో పని చేసిన మనిషి."

"తెలుసమ్మా."

"ఆమెకి తెలిసిన రోజు నువ్వు నా గుమ్మం తొక్కొద్దు. ఆ రోజునుంచి నేను ముట్టను. ఆయన సంగతి దేవుడే చూసుకుంటాడు. మాటివ్వు."

దయామణి మాటిచ్చింది. ఆ మాటే ఇప్పుడు రెండు ప్రాణాల తిండి.

ఒకటి మాత్రం ఆమె ఎంత చెప్పినా హైమావతి వినలేదు. పోయిన వారం ఇచ్చిన బియ్యం సంచి ఖాళీగా తిరిగి ఇవ్వదు. ఎవరి ఇంటి గిన్నె వచ్చినా ఉత్త గిన్నె పంపకూడదని ఆమె తల్లి నేర్పింది. ఒక వారం కరివేపాకు. ఒక వారం గుప్పెడు చింతచిగురు.

ఈ శుక్రవారం నారదబ్బకాయలు.

*

"అమ్మా, ఇయ్యేంది, ఇంత లావు నిమ్మకాయలు?"

ఆదివారం పొద్దున, థర్మామీటరు కోసం తల్లి మందుల సంచిలో చెయ్యి పెట్టిన సింధు రెండు కాయలు పైకి తీసింది. పసుపురంగు తిరిగినవి, బుడిపెల తొక్కవి. వాసన గదంతా అలుముకుంది.

బస్తాలోంచి కుండ నింపి, గుడ్డ కట్టి పెట్టాడు ఆశీర్వాదం. కాటా సర్దాలని ముందే చర్చికి పోయాడు. తల దువ్వుకుంటున్న సువార్తమ్మ దువ్వెన ఆపింది.

"ఇట్టా ఇయ్యి," అంది.

కాయను ముక్కు దగ్గర పెట్టుకుంది. గోటితో తొక్క గిల్లి మళ్ళీ వాసన చూసింది.

"సింధూ, షహనాజ్ పిన్ని కాడికి పోయి నా చీరె ఇస్త్రీ అయిందేమో చూసి రా."

"నిన్ననే తెచ్చాగా."

"మళ్ళీ చూసి రా."

పిల్ల వెళ్ళింది. సువార్తమ్మ కాయను ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ చెట్టు ఊళ్ళో ఒకటే. నేను కాపరానికొచ్చిన కొత్తల్లో నాటారు. రోజూ రెండు బిందెలు పోసేదాన్ని. నీళ్ళు పోస్తే పొయ్యొచ్చు, కాయ ముట్టకూడదు. రాలిన కాయని కూడా వాళ్ళే ఏరుకోవాలి."

దయామణి గోడకు ఆనుకుంది.

"పనైపోయినాక కూలిగింజలు పోసేది హైమమ్మ. నేను కొంగు పట్టుకుని మెట్ల కింద నిలబడేదాన్ని. ఆమె పైమెట్టు మీద. చేటతో పైనుంచి పోసేది. కొంగుకి చేట తగిలితే మైల. సగం కింద రాలేయి. వంగి ఏరుకునేదాన్ని. నీ మొగుడు కడుపులో ఉన్నప్పుడు కూడా వంగి ఏరుకున్నా."

"అత్తా."

"ఆ ఇంటికి పోతన్నయ్యా నా బియ్యం?"

ఈసారి మాట్లాడకపోయినా ప్రయోజనం లేదు.

సువార్తమ్మ నవ్వింది. ముందు చిన్నగా. తర్వాత భుజాలు కదిలేలా. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, నవ్వుకి వచ్చినవో దేనికి వచ్చినవో దయామణికి అర్థం కాలేదు.

"ప్రభువా, నువ్వు చానా గొప్పోడివయ్యా. ఈ రోజు చూపిస్తావని నేను కల్లో కూడా అనుకోలా. నా పిడికెడు తిని బతుకుతందా హైమమ్మ?"

"అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆమెకి మాటిచ్చా. నీకు తెలిసిందని తెలిస్తే ఆమె ముట్టదు. ఆయన మంచంలో ఉన్నాడు. ఇద్దరూ పస్తు పడతారు."

"ఇంత పెద్ద సాక్ష్యం మూటగట్టి దాచుకోమంటావా? చర్చిలో ఎవతెవతో తలనొప్పి తగ్గిందని గంటసేపు చెప్తది. దేవుడు నా ఇంట్లో చేసిన పని నేను చెప్పగూడదా?"

ఆమె లేచింది. కుండ గుడ్డ విప్పింది. ఆశీర్వాదం నింపిన బియ్యాన్ని తిరిగి బస్తాలో కుమ్మరించింది. అడుగు తుడిచింది. ఖాళీ కుండకి మళ్ళీ అదే గుడ్డ గట్టిగా కట్టింది.

"అదేందత్తా?"

"అబద్ధపు కుండ నేను మొయ్యను. ఖాళీ కుండే చూపిస్తా. ఎందుకు ఖాళీ అయిందో అప్పుడు చెప్తా."

*

పేటలోంచి చర్చికి దగ్గరదారి సాంబశివరావుగారి పెద్దింటి దొడ్డిగోడ పక్క సందు. సువార్తమ్మ ఎప్పుడూ అటు పోదు. ఈరోజు అటే నడిచింది. కుండ చంకన ఉంది. దయామణి రెండడుగులు వెనక నడుస్తోంది. సింధు ఎవరో స్నేహితురాలితో ముందే పోయింది.

గోడ ఒకచోట కూలి నడుము ఎత్తున ఉంది. అవతల హైమావతి వంగి, రాలిన దబ్బకాయలు ఏరుకుంటోంది. అడుగుల చప్పుడుకి నిటారుగా లేచింది. దయామణిని చూసింది. ఆమె ముందున్న మనిషిని చూసింది. కాయలున్న చెయ్యి పైటలోకి పోయింది.

సువార్తమ్మ ఆగింది.

హైమావతి చేతులకి రెండేసి గాజులున్నాయి. పాత గాజులే. ఒకప్పుడు ఆ చేతుల్లోకి అవి సబ్బు రాస్తేగానీ ఎక్కేవి కావు. ఇప్పుడు చెయ్యి పైకెత్తితే మోచేతిదాకా జారిపోతాయి.

"ఏం సువార్తా, బాగున్నావా? గుడికా?"

"ఆఁ అమ్మా."

"ఈ నెల కూడా నీ కుండేనా ముందు చదివేది? మైకులో వింటుంటా." హైమావతి నవ్వడానికి చూసింది. "నిండుగా ఉందా? మోయలేకుండా ఉన్నావు."

ఇక్కడే అనేస్తుంది అనుకుంది దయామణి. ఈ గోడ దగ్గరే.

సువార్తమ్మ చంకలో ఖాళీ కుండను కాస్త పైకి సర్దుకుంది, బరువున్నట్టు.

"ఉందమ్మా," అంది. "నిండుగానే ఉంది."

సందు చివర్లో సువార్తమ్మ అంది, "మనిషి ఎట్టా అయిపోయింది." దయామణికి చెప్పినట్టు లేదు ఆ మాట. దేవుడికి చెప్పినట్టు కూడా లేదు.

*

కుండలు బలిపీఠం ముందు వరసగా ఉన్నాయి. వాక్యం అయింది. కానుకలు అయినాయి. ఆశీర్వాదం తెల్లచొక్కాతో కాటా పక్కన నిలబడి మైకు సరిచేసుకున్నాడు. చర్చి మీద రెండు స్పీకర్లు, రెండూ ఊరివైపే తిరిగి ఉంటాయి. వాక్యం ఊరందరికీ వినపడాలని అతనే పెట్టించాడు.

"మన పేటలో ఈ పరిచర్య మొదలుపెట్టిన తల్లి, సువార్తమ్మగారి కుటుంబం," అని చదివి వంగి కుండ ఎత్తాడు.

బరువుకి సిద్ధపడి ఎత్తిన చెయ్యి తేలిగ్గా పైకి లేచిపోయింది. అతను అరడుగు వెనక్కి తూలాడు.

"ఏందిది," అన్నాడు. మెల్లగానే అన్నాడు. స్పీకర్లు రెండూ ఆ మాటను ఊరంతటికీ చెప్పాయి.

గుడ్డ విప్పి చూశాడు. ముందు వరసలో ఆడవాళ్ళు మెడలు చాచారు. కాటా మీద పెట్టకుండా కుండ చేత్తోనే పట్టుకుని తల్లివైపు, ఆ తర్వాత భార్యవైపు చూశాడు. దయామణి ఆ చూపుని చాలాకాలం మర్చిపోదు.

"దేవుడి కుండకే చిల్లు పడిందా వదినా?" అంది వెనకనుంచి రత్నకుమారి. కొందరు నవ్వారు. ప్రతినెలా రెండోపేరుగా చదివించుకునే మనిషి రత్నకుమారి.

సువార్తమ్మ లేచింది. నేరుగా కాటా దగ్గరికి నడిచింది. కొడుకు చేతిలోంచి మైకు తీసుకుంది. ఆ పేటలో ఆమె మైకు తీసుకుంటే పాస్టరమ్మగారు కూడా గడియారం చూసుకుంటారు.

దయామణి కళ్ళు మూసుకుంది. ఆమె లోపల ఒకటే అడిగింది. నా పరువు పోతే పోనియ్యి తండ్రీ, ఆ ఇంట్లో పొయ్యి ఆరనియ్యబాక.

"ఈ నెల మా కుండ ఖాళీ," అంది సువార్తమ్మ.

అందరూ ఎదురు చూశారు. మైకులో ఆమె ఊపిరి వినపడుతోంది. ఒకసారి నోరు తెరిచింది. మూసింది. కొంగుతో పెదాలు తుడుచుకుంది. చర్చిలో ఎవరో దగ్గారు. ఆమె మళ్ళీ నోరు తెరిచింది.

"ఎందుకని అడగబాకండి. అడగాల్సిన ఆయనకి తెలుసు. ఆమెన్."

మైకు కొడుకు చేతిలో పెట్టి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. ఆశీర్వాదం రెండో పేరు చదవడానికి చాలాసేపు పట్టింది.

*

అతను ఇంటికి రాగానే చొక్కా విప్పి మంచం మీద విసిరేశాడు.

"నేను నింపా. నా చేత్తో నింపా. ఎవరు కుమ్మరించారు?"

"నేనే," అంది సువార్తమ్మ.

"ఎందుకమ్మా? ఇన్నేళ్ళ పరువు."

"నువ్వు నింపింది బియ్యం రా అబ్బాయ్. అది కుండలో పడ్డా బియ్యమే."

"నీకు తెలిసింది కదా ఎవరికి పెట్టిందో? మైకు దగ్గర నీ ముఖం చూశా. చెప్పు. మీ ఇద్దరి మధ్య నేనేందసలు?"

తల్లి అతన్ని చూసింది. కడుపులో ఉన్నప్పుడు తనతోపాటు వంగిన కొడుకు. అతనికి ఆ ఇంటి మెట్ల సంగతి ఏనాడూ చెప్పలేదు. చెబితే ఏం చేస్తాడో ఆమెకు తెలుసు.

"ఆకలైనోళ్ళకి పెట్టింది," అంది.

ఆశీర్వాదం ఆటో తాళం తీసుకుని అన్నం తినకుండా బయటికి పోయాడు. ఆదివారం అతను ఆటో తీయడం ఆ పేట ఎప్పుడూ చూడలేదు.

దయామణి వంటింట్లోకి వెళ్ళి బియ్యం కొలిచింది. పిడికెడు తియ్యబోతుంటే అత్త వచ్చి పక్కన నిలబడింది.

"జరుగు. ఈ పూట నేను తీస్తా."

సువార్తమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి పిడికిలి మూసింది. కళ్ళు మూసుకుంది. దయామణి ఎదురు చూసింది. పైకి ఒక్క మాట వినపడలేదు. తను పెళ్ళయి వచ్చాక అత్త పెదాలు కదలకుండా ప్రార్థన చెయ్యడం ఇదే మొదలు.

"శుక్రవారం సంచి నేను తీసుకుపోతా," అంది కళ్ళు తెరవకుండానే.

"వద్దత్తా. ఆమె ముట్టదు."

"మైకులో చెప్పకుండా ఉండటం తేలికేనే. నలుగురూ చూస్తంటే ఎవరికైనా మంచితనం వచ్చిద్ది. ఆమె ఎదురుగా నిలబడితే ఈ చెయ్యి ఏం చేసిద్దో నాకే తెలవదు. ఆమె చేతికి అందిచ్చిద్దో, పైనుంచి పోసిద్దో. అది తెలుసుకోకుండా నేను ఇంక ఏ ప్రార్థనా చెయ్యలేను." పిడికిలి బిగించింది. "శుక్రవారం దాకా నాకోసం ప్రార్థన చెయ్యి. పైకి చెయ్యబాక. నీకు వచ్చినట్టే చెయ్యి."

దయామణి ఏదో అనబోయింది. సింధు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల ముఖంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"అమ్మా, పెద్దింటి హైమమ్మగారు వచ్చారు. మనింటికి. లోపలికి రమ్మంటే రావట్లా, మెట్టు కిందే నిలబడ్డారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"ఏమంటందే?" అంది సువార్తమ్మ.

"నీ కుండ నిండుగా ఉందని చెప్పావంట గదా, మైకులో ఖాళీ అన్నావంట. చేతిలో అమ్మ బియ్యం సంచి ఉంది నాయనమ్మా. నిండుగానే ఉంది. బియ్యం తిరిగి తెచ్చినట్టున్నారు."

పేటలో ఎవరింటి ముందైనా హైమావతి నిలబడటం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. వాకిట్లో అప్పటికే షహనాజ్ గొంతు, ఇంకెవరిదో గొంతు వినపడుతున్నాయి.

సువార్తమ్మ కొంగు సర్దుకుని గుమ్మంవైపు నడిచింది. ఇంటికి రెండు మెట్లు. హైమావతి కింద నిలబడి ఉంది, ముఖం పైకెత్తి. సువార్తమ్మ పైమెట్టు మీదికి వచ్చి ఆగింది.

బియ్యం ఉన్న పిడికిలి ఇంకా మూసే ఉంది.